మన పూర్వుల తోటలు – మన ఈద్గా పక్క స్థలం

ఈ యేటి సంచికకు ముస్లిముల తోటల చరిత్ర మీద నాలుగు మాటలు వ్రాయమని కార్యదర్శిగారు పురమాయించినారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. రైల్వేలో గార్డుగా ముప్పై రెండేండ్లు పనిచేసి, రేణిగుంటలోనే ఇల్లు కట్టుకొని, తీరిక దొరికిన తర్వాత చదవడం మొదలుపెట్టినవాణ్ణి. అయినా ఒప్పుకొన్నాను. ఎందుకు ఒప్పుకొన్నానో దాచడం దేనికి, ముందే చెబుతాను.

మన ఈద్గాకు ఉత్తరాన డెబ్బై సెంట్ల స్థలం సంఘం చేతికి వచ్చిన సంగతి సభ్యులందరికీ తెలిసినదే. అందులో ఉన్నదేమిటి? ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద గుండు. రెండు వేపచెట్లు. ఒక ముసలి రేగిచెట్టు. పడమటి నుంచి వచ్చి ఆ గుండును చుట్టుకొని పోయే చిన్న వంక. అది ఏడాదిలో పది నెలలు ఎండే ఉంటుంది, కార్తీకం వానలకు మాత్రం పారుతుంది. మొన్న రంజాను తర్వాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఈ స్థలాన్ని తోట చేయాలని తీర్మానమైంది. పండుగ నమాజుకు వచ్చిన ఆడబిడ్డలూ, పిల్లలూ, ముసలివాళ్ళూ కాసేపు కూర్చునే చోటు మనకు లేదు గనుక అది మంచి తీర్మానమే. ఆ తర్వాత ఒక కుర్రవాడు సెల్‌ఫోనులో దుబాయి తోట ఫోటో ఒకటి చూపించినాడు. పచ్చని గడ్డి, మధ్యన ఫౌంటెను, వరుసగా ఖర్జూరాలు. అందరూ సుభానల్లా అన్నారు. వెంటనే లెక్కలు మొదలైనాయి: గుండు పగలగొట్టాలి, వంక పూడ్చాలి, వేపచెట్లు తీసేయాలి, మన్ను తోలి చదును చేయాలి.

"ఈ గుండు పెట్టుకుంటే తోట యెట్లయితుంది చాచా? ఇస్లామీ తోటంటే చార్‌బాగ్ గదా, నాలుగు పక్కలా సమంగా ఉండాల" అన్నాడు ఆ అబ్బాయి. మంచి పిల్లవాడే, చదువుకున్నవాడు. వాని మాటకు అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ జవాబు అనుకోండి.

చార్ అంటే నాలుగు, బాగ్ అంటే తోట. అంతవరకు అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఈ పద్ధతి ఇస్లాం కన్నా చాలా పాతది. ఇరానులో పసర్గడ అనే చోట క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో సైరస్ చక్రవర్తి వేయించిన తోట తాలూకు రాతికాలువలు తవ్వకాల్లో బయటపడినాయి. అది నీటికి కరువైన దేశం. కొండల అడుగున దొరికే నీటిని భూమిలోపల సొరంగాలు తవ్వి – వాటిని కనాత్‌లంటారు – మైళ్ళకొద్దీ నడిపించి ఊళ్ళకు తెచ్చుకున్నారు. అంత కష్టపడి తెచ్చిన నీరు ఒక్క బొట్టు కూడా పక్కకు పోకూడదు. అందుకని తిన్నని కాలువ, కాలువకు అటూ ఇటూ మడులు, ఎండకు నీరు ఆవిరి కాకుండా గట్టు వెంబడి చెట్లు. మన రైతు చెరుకుకు మడులు కట్టి నీరు మళ్ళించడం చూడలేదా? అదే పని. ఆ నాలుగు చదరాలను కాగితం కన్నా ముందు నీరే గీసిందని నా అభిప్రాయం.

ఖుర్ఆన్ షరీఫులో జన్నత్ ప్రస్తావన వచ్చిన చాలాచోట్ల కింద సెలయేళ్ళు పారే తోటలు కనబడతాయి. రహ్మాన్ సూరాలో రెండు తోటలు, వాటికి తోడు మరి రెండు తోటలు, దానిమ్మ, ఖర్జూరం. వాఖియా సూరాలో ముళ్ళు లేని రేగుచెట్లు. (ఈ రేగుచెట్టును జ్ఞాపకం పెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.) ఈ వర్ణనను మనసులో పెట్టుకొని ముస్లిం రాజులు ఏ దేశంలో నిలబడితే ఆ దేశంలో తోటలు వేసినారు. ఎవరికివారు అక్కడి కొండనూ నీటినీ చూసి వేసుకున్నారు గనుకనే ఒకచోటి తోట మరొకచోటి తోటలా లేదు.

బాబరు సంగతి తీసుకోండి. ఆయన యుద్ధాల గురించి బడిలో చదివిస్తారు గానీ ఆయన తోటల పిచ్చి గురించి ఎవరూ చెప్పరు. 1504లో కాబూలు చేజిక్కించుకున్న తర్వాత ఆ చుట్టుపక్కల కొండల్లో ఊట కనబడితే చాలు, గుర్రం దిగి తోట వేయించేవాడు. నేటి జలాలాబాదు దగ్గర 1508–09 ప్రాంతంలో వేయించిన బాగె వఫా గురించి తన ఆత్మకథలో ముచ్చటగా వ్రాసుకున్నాడు. నదికి ఎదురుగా మిట్ట మీద ఆ తోట. నడుమ ఒక తిప్ప, దాని పక్కగా ఒక్క తిరగలి ఆడేంత నీటి పారకం. నైరుతి మూల చిన్న తొట్టి, దాని చుట్టూ నారింజలు, దానిమ్మలు. ఆ తిప్పను పగలగొట్టించలేదు, నీటిని దాని పక్కగానే పారనిచ్చినాడు. అయితే బాబరు ఎప్పుడూ ప్రకృతికి తలవంచినాడని చెబితే అబద్ధమవుతుంది. ఇస్తాలిఫ్ అనే ఊళ్ళో వంకరటింకరగా పారే వాగు ఒకటి కళ్ళకు నచ్చక, దాన్ని తిన్నగా చేయించినట్టు తానే చెప్పుకున్నాడు. నాకైతే ఆ వాగు వంకరగానే బాగుండేదేమో అనిపిస్తుంది. చక్రవర్తితో ఎవరు వాదిస్తారు?

1526లో పానిపట్టు గెలిచి ఆగ్రా వచ్చినాక ఆయనకు పెద్ద చిక్కు వచ్చిపడింది. అక్కడ కొండ లేదు, ఊట లేదు, పారే కాలువ లేదు. హిందూస్థానంలో పారే నీళ్ళు లేవని ఆయన విసుక్కున్న సంగతి ప్రసిద్ధమే. యమున అవతలి ఒడ్డున నేలను చూసి మనసు విరిగిపోయిందట. అయినా మొదట ఒక పెద్ద బావి తవ్వించినాడు, తర్వాత తొట్టి, ఆ పైన గులాబీలు, నర్గిస్ పూలు. ఆ ఒడ్డుకు అక్కడి జనం "కాబూలు" అని పేరు పెట్టినారు. నీరు కొండ దిగి రాకపోతే బావిలోంచి పైకెక్కి రావాలి, అంతే తేడా.

అన్నింటికన్నా నాకు నచ్చిన కథ ధోల్‌పూరుది. ఒక గుట్ట కొనకు రాతి మొన ఒకటి ముందుకు చొచ్చుకొని ఉన్నది. దాన్ని చూసి బాబరు మొదట ఒకే రాతిలో ఇల్లు తొలిపించాలని అనుకున్నాడు. రాయి అంత ఎత్తు లేకపోయింది. సరే, ఇల్లు కాకపోతే తొట్టి అన్నాడు. రాతిని రాతిగానే ఉంచి అందులో కొలను తొలిపించినాడు. ఆ తోట కాలగర్భంలో కలిసిపోయింది. 1978లో ఎలిజబెత్ మొయినిహాన్ అనే అమెరికా పరిశోధకురాలు ఝోర్ అనే పల్లెలో వెతికితే, రాతిలో చెక్కిన తామరపువ్వు ఆకారపు కొలను కనబడింది. నాలుగు వందల యాభై ఏండ్లు గడిచినా రాతిలో చేసిన పని చెక్కుచెదరలేదు. మన కుర్రవాడు పగలగొట్టాలన్నదీ రాయే.

కాశ్మీరు తోటల గురించి ఎక్కువ వ్రాయను, సినిమాల్లో అందరూ చూసినవే. జహంగీరు 1619లో వేయించిన షాలిమార్, ఆయన బావమరిది ఆసఫ్ ఖాను 1633లో వేయించిన నిషాత్, రెండూ కొండవాలులో ఉన్నాయి. సమమైన నాలుగు చదరాలు వాలులో నిలువవు. కాబట్టి చార్‌బాగ్ అక్కడ మెట్లుమెట్లుగా మారిపోయింది. నిషాత్‌లో పన్నెండు అంతస్తులు. నీరు ఒక మెట్టు మీదినుంచి మరొక మెట్టుకు దూకుతూ దాల్ సరస్సు దాకా దిగుతుంది. చదును చేయమని ఎవరూ కొండకు పలుగు పట్టించలేదు.

ఇక మన తెలుగునాటికి వద్దాము. గోల్కొండ చుట్టుపక్కల నేల ఎట్లా ఉంటుందో చూసినవారికి తెలుసు, ఎక్కడ చూసినా గుండ్లే. కుతుబ్‌షాహీలు ఆ గుండ్ల నడుమనే కోట కట్టినారు, తోటలు వేసినారు, చెరువులు కట్టినారు. వారి సమాధులున్న తోటలో పెద్ద పెద్ద మెట్లబావులున్నాయి. వాన నీరు అందులో చేరి, ఎండాకాలం చెట్లకు అక్కరకు వచ్చేది. ఎన్నో ఏండ్లు పూడిపోయి ఉన్న ఆ బావులను ఈ మధ్య బాగు చేసినారు, 2022లో ఆ పనికి యునెస్కో వారి బహుమానం కూడా వచ్చింది. నయాఖిలాలో హాథియాఁ కా ఝాడ్ అనే లావుపాటి చెట్టు ఉన్నది. ఆఫ్రికా జాతి చెట్టు అది. ఎక్కడినుంచో వచ్చినా ఈ రాతినేల, ఈ ఎండ దానికి సరిపోయినాయి, వందల ఏండ్లుగా నిలిచింది. తెచ్చిన చెట్టైనా నేలను చూసి తేవాలని దానర్థం.

ఇప్పుడు మన జిల్లా మాట. హైదరాలీ అంటే మైసూరు అంటారు. కాని ఆయన పుట్టింది కోలారు ప్రాంతంలోని బూదికోటలో, అంటే మన సరిహద్దుకు కూతవేటు దూరం. భార్య ఫాతిమా ఫక్రున్నిసా కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురు. టిప్పు ఆమె బిడ్డే. ఆమె సోదరుడు మీర్ రజా అలీఖాను గుర్రంకొండను ఏలినాడు. ఆ కొండ కింద రంగీన్ మహలు నేటికీ ఉన్నది, వెళ్ళి చూడండి. చివరకు హైదరు కన్ను మూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే, 1782 డిసెంబరు 7న, వీపు మీద రాచపుండు లేచి. ఇంతగా మన మట్టితో ముడిపడిన మనిషి దక్షిణాదిలో అందరికన్నా పేరున్న తోట వేసినాడు. అదే బెంగుళూరు లాల్‌బాగ్. 1760లో మొదలుపెట్టినాడు.

నేను రైల్వే పాసు మీద బెంగుళూరు పోయినప్పుడల్లా లాల్‌బాగులో ఒక పూట గడిపేవాణ్ణి. మొదటిసారి పోయినప్పుడు నేనూ మన కుర్రవాని మాదిరే గాజుమేడ చూసి ఆశ్చర్యపోయినాను. అది 1889లో పునాది పడినది, హైదరుకు దానితో సంబంధం లేదు. తర్వాత తర్వాత నా కళ్ళు గుట్ట మీద పడినాయి. తోటలో పెద్ద బోడి రాతిగుట్ట ఉన్నది, దాని నెత్తిన కెంపెగౌడ బురుజు. ఆ రాతి వయసు సుమారు మూడు వందల కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క గట్టి, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించినారు. తోట నలభై ఎకరాలతో మొదలై నేడు రెండు వందల నలభై ఎకరాలైంది. ఎంత పెరిగినా గుట్ట గుట్టగానే ఉంది. సాయంత్రం జనమంతా కూర్చునేది దాని మీదనే.

హైదరుకు తోట మీద మోజు సిరా నుంచి వచ్చిందంటారు. అక్కడ మొగలుల తరఫున ఏలిన దిలావర్ ఖాను ఒక తోట వేయించినాడు. హైదరు తండ్రి ఫతే మహమ్మదు ఆ సిరా నవాబుల కొలువులో ఉండినవాడే. హైదరు ఢిల్లీ, లాహోరు, ముల్తాను నుంచి మొక్కలు తెప్పించినాడు. టిప్పు కాబూలు, ఇరాను, మారిషసుల నుంచి విత్తనాలు రప్పించినాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. నాకు ముఖ్యమనిపించినది మరొకటి.

టిప్పు పోయిన మరుసటేడు, 1800లో, బుకానన్ అనే స్కాట్లండు డాక్టరు కుంపిణీ తరఫున దేశం తిరుగుతూ ఆ తోట చూసి వ్రాసినాడు. తోట చదరపు మడులుగా ఉన్నదనీ, దారుల పక్కన సరుగు మాదిరి నిటారుగా ఉండే సైప్రస్ చెట్లున్నాయనీ, ఒక మడి నిండా గులాబీలు, ఒక మడి నిండా దానిమ్మలు, ఇట్లా ఒక్కో జాతికి ఒక్కో మడి ఇవ్వడం ముస్లిముల పద్ధతి అనీ చెప్పినాడు. తర్వాత ఒక మాట అన్నాడు: ఈ దేశంలో తోటకు పెద్ద లోటు నీరే. ఎండాకాలంలో ప్రతిదానికీ మనిషే నీరు పెట్టాలి. టిప్పు తోటకు మూడు బావులున్నాయి, వాటి నుంచి కపిలతో నీరు తోడుతారు అని.

కపిల! మా తాత కపిల తోలినవాడే. తోలుసంచి, గిలక, మోకు, రెండెద్దులు, దిగుడు బాట. ఎద్దులు దిగుతుంటే బాన పైకి వస్తుంది. తెల్లవారుజామున కపిల తోలుతూ పాడే పాటలు నా చిన్నతనంలో విన్నాను. సుల్తాను తోటకూ మా తాత సెనక్కాయ చేనుకూ ఒకటే యంత్రం! కాబూలు నుంచి విత్తనం తెచ్చినా నీరు మాత్రం రాయలసీమ రైతు తోడినట్టే తోడినారు. ఒకచోటి మనిషి మరొకచోట తోట వేస్తే నేర్చుకోవలసినది ఇదే.

హైదరు శవాన్ని ముందు కోలారులో ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం తీసుకుపోయినారు. అక్కడ గుంబజు కింద ఆయన, పక్కన ఫక్రున్నిసా, టిప్పు. ఆ గుంబజు ఉన్న తోట పేరు కూడా లాల్‌బాగే.

ఇంత దూరం తిరిగి మన ఊరికి వస్తే, మన గురువులు ఇంటి ముందే ఉన్నారు. రేణిగుంట స్టేషనులో నిలబడి పడమటికి చూస్తే శేషాచలం కనబడుతుంది. తిరుమల ఘాటురోడ్డులో రాయి మీద రాయి కూర్చున్న చోట కింది రాతికీ మీది రాతికీ మధ్య కోట్ల ఏండ్ల ఎడముందని శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఎర్రచందనం ప్రపంచంలో తనంత తానుగా పెరిగేది ఈ కనుమల చుట్టుపక్కలనే. 2010లో దీన్ని జీవావరణ కేంద్రంగా ప్రకటించినారు. తలకోన పోయినవారు అక్కడి అమరిక చూడండి: బండ, బండ కింద నీటి మడుగు, మడుగు మీదికి వంగిన చెట్టు, నీడలో నాచు. ఎవడు గీసినాడు ఆ నక్షా? పైన తిరుమలలో రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు పూలతోట కోసం స్వయంగా చెరువు తవ్వినాడని చెబుతారు, ఆయన గునపం గుడి వాకిట్లో నేటికీ వేలాడదీసి ఉంటుంది. తోట కన్నా ముందు నీటి జాగా చూసుకోవడం మన పొరుగువారి ఆచారం కూడా.

వంక పూడ్చాలన్నవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. 2021 నవంబరు ఎవరికీ మరుపు రాదు. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధులు ఏర్లైనాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెల జనాన్ని ఖాళీ చేయించినారు. ఆ మూడు రోజులు మన ఈద్గా పక్క వంక నిండుగా పారి, గుండు పక్కగా తిరిగి వెళ్ళిపోయింది. ఈద్గా గోడకు తడి తగిలింది గానీ నీరు ఎక్కలేదు. పూడ్చిన తర్వాత అలాంటి వాన వస్తే ఆ నీరు ఎటు పోవాలి? మన ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనం వానే పెద్ద వాన, అది వస్తే ఒక్క రాత్రిలో వస్తుంది.

గడ్డి సంగతి నాకు అనుభవమే. చాలా ఏండ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట ఆఫీసు ముందర గడ్డి పరిపించినారు. ఏప్రిలు దాకా పచ్చగా ఉంది. మే నెలలో బోరు ఎండింది, గడ్డి ఎండింది, జూనులో మిగిలింది దుమ్ము. దాని పక్కనే ఎవరూ నీరు పోయని కానుగచెట్టు మాత్రం ఎప్పటిలా నీడ ఇస్తూ ఉండింది. మేము మధ్యాహ్నం అన్నాలు తిన్నది దాని కిందనే.

ఇప్పుడు రేగిచెట్టు. మన ఇళ్ళల్లో మయ్యత్ అయితే ఘుసుల్ నీళ్ళలో రేగాకు వేసి కాచడం ఆచారం. ఆకు కోసం అర్ధరాత్రి సైకిలేసుకొని ఊరంతా తిరిగిన రోజులు నాకు తెలుసు. మా అమ్మ పోయినప్పుడు ఆకు తెచ్చింది ఈ ముసలి చెట్టు నుంచే. దాన్ని కొట్టేసి ఆ చోట ఖర్జూరం నాటితే, రేపు ఆకు ఎక్కడినుంచి తెస్తారు?

నా మనవి ఇది. గుండును ఉండనివ్వండి, కాస్త పాకుడు గీకి దాని మీదికి నాలుగు మెట్లు వేస్తే చాలు. దాని తూర్పు వైపు సహజంగా ఒక పల్లం ఉంది, అడుగు లోతు తొలిపిస్తే వాన నీరు నిలుస్తుంది. ధోల్‌పూరు అంత ఘనంగా ఉండదు గానీ మనకు చాలు. వంకకు రెండు పక్కలా రాళ్ళు పేర్చి అడ్డంగా చిన్న చిన్న కట్టలు కడితే పారే నీరు కాస్త నిలిచి భూమిలోకి ఇంకుతుంది. వేపలు అట్లే ఉండాలి. చార్‌బాగ్ కావాలన్న అబ్బాయి ముచ్చట కూడా తీరుద్దాము, దక్షిణం వైపు చదునుగా ఉన్న పదిహేను సెంట్లలో నాలుగు మడులు కట్టి దానిమ్మ, మల్లె, నందివర్ధనం, గులాబి ఒక్కోదానికి ఒక్కో మడి ఇద్దాము. వాటికి నీరు? మసీదు వజూఖానా నీరు ఇప్పుడు మోరీలోకి పోతున్నది. పారే యేటి ఒడ్డున కూర్చున్నా వజూ నీరు దుబారా చేయరాదని ప్రవక్త (స) సెలవిచ్చినట్టు మన పెద్దలు చెబుతారు. పైపు వేసి ఆ నీటిని మడులకు తిప్పితే ఐదు పూటలా తడి. చుట్టూ కంచెకు గోరింట. ఈదుకు ముందురోజు ఆడపిల్లలు కోసుకుంటారు, మేకలు దాని జోలికి పెద్దగా పోవు.

ఈ సంగతులు ఆ అబ్బాయికి నోటితో కూడా చెప్పినాను. వాడు గుండు ఎక్కి చుట్టూ చూసి, "చాచా, ఇక్కడినుంచి కొండ బాగా కనిపిస్తాది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయం మళ్ళీ చర్చకు వస్తుంది. అంతదాకా జేసీబీ వానికి అడ్వాన్సు ఇవ్వవద్దని సదర్ సాహెబు వారికి నా విన్నపం.